0.33 యూనిట్ బాకీ గురించి డిగ్రీ ఆడిట్ గారికి

మహారాజశ్రీ డిగ్రీ ఆడిట్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు కులాసాగా ఉన్నారని పోయిన మార్చిలోనే తెలిసింది, ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక కాలేజీ సైట్‌లో లాగిన్ అయి, డిగ్రీకి నాకింకా ఏమేం తక్కువో లెక్కగట్టే మీ పేజీ తెరిస్తే ఎప్పటిలాగే నిగనిగలాడుతూ కనిపించారు. నా పేరు, నా స్టూడెంట్ నంబరు, దాని కింద ఆకుపచ్చ గీత, గీత పక్కన 99 శాతం. అబ్బ అనుకుని కిందికి వస్తే ఒక ఎర్ర సున్నా, దాని పక్కన చిన్న ముక్క: ఇంకా 0.33 యూనిట్ కావాలి. (యూనిట్ అంటే కోర్సు పాసైతే మన ఖాతాలో పడే క్రెడిట్.)

పేజీ రెండుసార్లు రిఫ్రెష్ చేశాను. మా ఆయన్ని లేపి చూపించాను. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, "రౌండాఫ్ చేస్తార్లే, పడుకో" అని అటు తిరిగి పడుకున్నారు. మీ సంగతి ఆయనకేం తెలుసు.

రూల్స్ తెలియక మాట్లాడుతున్నాననుకోకండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీకి, అంటే రెండేళ్ల డిగ్రీకి, 60 సెమిస్టర్ యూనిట్లు, అందులో కనీసం 18 మేజర్‌వి, ఆ మేజర్ కోర్సుల్లో ఒక్కదాంట్లోనూ సీ గ్రేడు కంటే తగ్గకూడదు, మొత్తమ్మీద జీపీఏ 2.0 ఉండాలి, కనీసం 12 యూనిట్లు డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే చదివి ఉండాలి. మా అమ్మమ్మకి విష్ణు సహస్రనామం వచ్చినట్టు నాకు ఇవన్నీ వచ్చు. నాకు తట్టనిదల్లా 1.5తో భాగించడం.

మొదట మేమున్న ఊళ్లో కాలేజీది క్వార్టర్ పద్ధతి. అక్కడ డిగ్రీకి 90 యూనిట్లు, అంటే అక్కడి ఒకటిన్నర యూనిట్లు సెమిస్టర్ పద్ధతిలో ఒక్క యూనిట్‌తో సమానం. పెద్దాణ్ని ఒళ్లో పెట్టుకుని చైల్డ్ డెవలప్‌మెంట్‌లో నాలుగేసి యూనిట్ల కోర్సులు నాలుగు చేశాను, మొత్తం 16. తర్వాత ఆ ఊళ్లో ఇల్లు కొనే స్తోమత లేక కొండల అవతలికి వచ్చాం, ఇక్కడి కాలేజీది సెమిస్టర్ పద్ధతి. పాత కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించాను (మొదటిసారి ఇంటికి తెప్పిస్తే మా అత్తగారు కరెంటు బిల్లనుకుని కవరు చించారు, చించిన కవరు చెల్లదట, మళ్లీ డబ్బు కట్టి మళ్లీ తెప్పించాం). కౌన్సెలర్ గారు పాపం మంచావిడే. 16ని 1.5తో భాగించి కాలిక్యులేటర్ నావైపు తిప్పారు. పది, చుక్క, చుక్క తర్వాత స్క్రీను చివరిదాకా ఆరులు, ఆఖర్న ఒక ఏడు. అంటే 10.67. ఇక్కడ చదివినవి 49. రెండూ కలిపితే 59.67. ఆవిడ టిష్యూల పెట్టె నావైపు జరిపారు. ఏడుపు రాలేదండీ, నవ్వొచ్చింది.

మా ఊళ్లో వంకాయలమ్మే ఆవిడ కిలో తూచాక కొసరుగా ఇంకో కాయ సంచీలో పడేసేది. ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు.

సరే, అదలా ఉంచండి. ఆ రాత్రి నిద్ర పట్టక మీ పేజీలో "వాట్ ఇఫ్" అనే బటన్ నొక్కాను, డిగ్రీ బదులు సర్టిఫికెట్ ఆఫ్ అచీవ్‌మెంట్ అయితే ఎలా ఉంటుందో చూద్దామని. 100 శాతం! ఎర్ర సున్నా ఒక్కటీ లేదు. తీరా తేదీలు చూస్తే ఆ సర్టిఫికెట్‌కి కావాల్సిన ఆఖరి కోర్సు నేను రెండేళ్ల కిందటే పాసయ్యాను. రెండేళ్లుగా మీకు తెలుసు! ప్రీస్కూల్ ఇంటర్వ్యూల్లో "ఏమైనా సర్టిఫికెట్ ఉందా" అని అడిగిన ప్రతిసారీ నేను "లేదండీ, చదువుతున్నాను" అని చెప్పుకుంటూ తిరుగుతుంటే మీరు నోరు మెదపలేదు. అడ్మిషన్స్ ఆఫీసులో అడిగితే "మీరు పిటిషన్ పెట్టలేదు కదా" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి పళ్లెం పట్టుకుని నిలబడే ఉన్నాడు, దరఖాస్తు ఫారం లేదని ప్రసాదం పెట్టలేదు. (న్యాయంగా చెప్పాలంటే మన దగ్గరా అంతే. నా బీకాం ఒరిజినల్ డిగ్రీ కోసం మా నాన్న యూనివర్సిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో. కానీ అక్కడ ప్రొవిజనల్ అయినా చేతిలో పెట్టి పంపారు.)

ఇక కేటలాగ్ సంగతి, అంటే కాలేజీ ఏటా వేసే కోర్సుల, రూల్సుల పుస్తకం. ఏ సంవత్సరం చేరితే ఆ సంవత్సరం కేటలాగ్‌లోని రూల్సే మనకి వర్తిస్తాయి, దాన్ని కేటలాగ్ రైట్స్ అంటారు. ఎంత బాగుందో! కాకపోతే మధ్యలో చదువు ఆపకూడదు. నాకు రెండోవాడు పుట్టాడు, ఏడాది మానేశాను, హక్కు కాస్తా పోయింది. తిరిగొచ్చేసరికి కొత్త కేటలాగ్, అందులో కొత్తగా ఎత్నిక్ స్టడీస్, అంటే అమెరికాలో తెల్లవాళ్లు కాని జాతుల చరిత్ర, బతుకుల చదువు. మూడు యూనిట్లు, ప్రతి వారం వ్యాసం. మీ మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది అప్పుడే, మీకు థాంక్స్ చెప్పాల్సిందీ ఆ ఒక్కదానికే. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు సమ్మెకి దిగి, నెలల తరబడి దెబ్బలు తిని, అరెస్టులై సాధించుకున్న చదువట అది. భగత్ సింగ్ థింద్ అనే ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, 1923లో సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరాడంది. ఆ తీర్పు నేను వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టి చదివాను. ఆయనకి కూడా అన్ని అర్హతలూ ఉండి ఒక్క గడి దగ్గర ఆగిపోయింది. నా 0.33ని ఆయన బాధతో పోల్చడం లేదు, అంత సిగ్గులేనిదాన్ని కాదు. కానీ పప్పు మాత్రం మాడింది.

మళ్లీ బాకీ దగ్గరికొద్దాం. 0.33 యూనిట్ ఎక్కడా విడిగా అమ్మరు. అర యూనిట్ క్లాసు ఒకటి ఉంది, అది ఈత, నాకు ఈత రాదు. దాని తర్వాత దొరికింది ఒక యూనిట్‌ది, నడక క్లాసు. అవునండీ, నడకే. యూనిట్‌కి 46 డాలర్లు, పైన హెల్త్ ఫీజు, పార్కింగ్. రోజూ సాయంత్రం పక్కింటి వదినతో కలిసి ఊసులాడుకుంటూ ఊరికే చేసే పనికి ఇప్పుడు డబ్బు కట్టి, పొగమంచులో పొద్దున ఎనిమిదింటికి ట్రాక్ మీద నిలబడితే, మా సార్ మెడలో ఈల వేసుకుని హాజరు తీసుకుంటారు. నాకు తక్కువైంది యూనిట్‌లో మూడో వంతు, నడవాల్సింది మాత్రం 54 గంటలు. మొన్న పంతొమ్మిదేళ్ల కుర్రాడొకడు నన్ను మూడోసారి దాటిపోతూ "నువ్వెందుకు తీసుకున్నావు ఈ క్లాసు?" అని అడిగాడు. "భాగహారం వల్ల" అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

ఈసారి జాగ్రత్తపడ్డాను. గడువుకి మూడు వారాల ముందే డిగ్రీకొక పిటిషన్, సర్టిఫికెట్‌కొక పిటిషన్ పెట్టేశాను. మీ పేజీలో నా నడక ఇప్పుడు నీలిరంగు సగం చక్రంలా ఉంది, డిసెంబరులో ఆకుపచ్చ అవుతుంది. అప్పటికి నావి 60.67 యూనిట్లు. అంటే మీరే నాకు 0.67 బాకీ.

డబ్బు రూపంలో వద్దు లెండి. మా ఊరి బస్సు కండక్టరు చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసి సున్నా చుట్టి ఇచ్చేవాడు, అలా డిగ్రీ వెనక రాసిచ్చినా చాలు. దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడుగుతాను.

ఇట్లు,
99 శాతం మీ విధేయురాలు