అలకపాన్పు ఎక్కిన గీజరు

పెళ్లిళ్లలో కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కడం అందరం చూస్తాం. మా ఇంట్లో గీజరు ఎక్కింది. అదీ మా మరదలి నిశ్చితార్థం నాడు, డిసెంబరు చలిలో, ఇంటినిండా చుట్టాలుండగా.

పెళ్లికొడుకు వాళ్లది హైదరాబాదే కాబట్టి నిశ్చితార్థం నిజాంపేటలోని మా ఫ్లాట్లో పెట్టుకున్నాం. మాకు మంచినీళ్లు వచ్చినప్పుడు వస్తాయి. మిగతా రోజుల్లో బోరు, అదీ ఎండితే ట్యాంకరు. బోరునీళ్ల మహిమ ఇక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు. సబ్బు నురగ రాదు, కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది, దువ్వెన నిండా జుట్టు వస్తుంది. జుట్టు మనకు కనిపిస్తుంది కాబట్టి బాధపడతాం. గీజరు లోపల ఏం జరుగుతోందో ఎవరికి కావాలి?

అమలాపురం నుంచి మా అత్తమామలు, బావమరిది ముందురోజే దిగారు. మామగారు ఆడిట్ శాఖలో చేసి రిటైరయ్యారు. ఏ వస్తువునైనా అనుమానంగా చూడటం ఆయనకు ఉద్యోగధర్మం. పింఛను మొదలైనా ఆ ధర్మం మాత్రం విరమించలేదు. తెల్లవారుజామునే గీజరు స్విచ్చి వేసి, ఎర్రదీపం వెలిగిందని స్వయంగా నిర్ధారించుకుని, బాత్రూం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి దీపం ఆరిపోయింది.

"అల్లుడు గారూ, మీ గీజరు పోయిందండీ."

"పోలేదు మామయ్యగారూ, నీళ్లు కాగాయి. లోపల థర్మోస్టాట్ ఉంటుంది. మనం పెట్టిన వేడి రాగానే అదే కరెంటు ఆపేస్తుంది. దీపం ఆరిందంటే మిమ్మల్ని స్నానానికి రమ్మన్నట్టు."

"ఆరిపోయిన దీపాన్ని నమ్ముకుని లోపలికెలా వెళ్తామండీ?"

పరీక్ష కోసం కుళాయి తిప్పి అరబకెట్ వేణ్ణీళ్లు పట్టారు. చెయ్యి కాలింది. అయినా సంతృప్తి కలగలేదు. "ఇది ఇందాకటి వేడి" అని ఆ నీళ్లు తూములో పారబోశారు. ఈలోగా గీజరులో మళ్లీ దీపం వెలిగింది. "ఆఁ, ఇప్పుడొచ్చింది కరెంటు" అని మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

అసలు గీజరులోంచి వేణ్ణీళ్లు వాటంతటవి రావు. అడుగునుంచి చన్నీళ్లు లోపలికొచ్చి, పైకి తేలిన వేణ్ణీళ్లను బయటికి నెడతాయి. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్న సామెత గీజరు దగ్గర అక్షరాలా నిజం. ఆయన పరీక్షించినప్పుడల్లా అరబకెట్ చన్నీళ్లు లోపల చేరుతున్నాయి, థర్మోస్టాట్ మేలుకుంటోంది, దీపం వెలుగుతోంది. 15 లీటర్ల గీజరు, 2000 వాట్లు. 20 డిగ్రీల నీళ్లను 60కి తేవడానికి సుమారు 21 నిమిషాలు, ఇంచుమించు 0.7 యూనిట్ కరెంటు. ఈ లెక్క చెబితే ఆడిటరుగారు కరుగుతారేమోనని చెప్పాను. "మరి మీ గీజరు ఆ చప్పుడెందుకు చేస్తోంది?" అన్నారు.

అది మాత్రం సరైన అభ్యంతరమే. లోపల్నుంచి చిటపటమని, మధ్యమధ్య గుడగుడమని వినిపిస్తోంది. చాలాకాలంగా వినిపిస్తోంది కూడా. ఇంట్లో అందరం దాన్ని గీజరు స్వభావం అనుకున్నాం.

చప్పుడు విని మా బావమరిది వచ్చాడు. ఏ సమస్యకైనా ఫోన్లో వీడియో చూసి పరిష్కారం చెప్పే రకం. గీజరు కింద చన్నీళ్ల పైపుకున్న వాల్వు నుంచి ఒక్కో చుక్కా కారడం కనిపెట్టాడు. "బావా, ఇదీ లీకు! కాస్త సీలు మందు పెట్టేస్తే సరి" అని ముద్ద పిసకడం మొదలెట్టాడు. పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. నీళ్లు కాగితే వ్యాకోచిస్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ పెరిగిందాన్ని వదిలేయడానికే ఆ వాల్వు ఉంది. దాని నోరు మూస్తే నిశ్చితార్థం బదులు ఇంకేదో చేసుకోవాలి. కుర్రాడు చిన్నబుచ్చుకుని ఆ ముద్దతో కిటికీ అద్దం సందు పూడ్చాడు.

ఏడు దాటాక టప్‌మని చప్పుడైంది. లైట్లు పోయాయి. వంటింట్లో కొబ్బరి పచ్చడి సగం నలిగి ఆగిపోయింది. మెయిన్ బోర్డు తెరిస్తే లోడు ఎక్కువైతే పడే ఎం.సి.బి. స్విచ్చులన్నీ నిక్షేపంగా ఉన్నాయి, కరెంటు లీకైతే పడే ఆర్.సి.సి.బి. స్విచ్చి మాత్రం కిందికి పడి ఉంది. అంటే లోడు ఎక్కువై కాదు, ఎక్కడో కరెంటు ఎర్తులోకి కారుతోంది. పైకెత్తితే మళ్లీ పడింది. గీజరు ప్లగ్గు పీకి ఎత్తితే నిలబడింది. దొంగ దొరికాడు.

"పొద్దున్నే చెప్పానండీ, పోయిందని" అన్నారు మామగారు. రెండుగంటల ముందే మరణ ధ్రువీకరణ ఇచ్చిన ఘనత ఆయనకు దక్కింది.

ముహూర్తం 10:15కి. స్నానాలు కావలసినవాళ్లు ఇంకా సగం మంది. అటక మీదనుంచి పాత రాడ్ హీటరు దించారు. 1500 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు. దాని లావుపాటి ప్లగ్గు బెడ్‌రూం సాకెట్లో పట్టలేదు. పట్టదు, పట్టకూడదనే అలా చేస్తారు. బావమరిది ఊరుకోకుండా ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి ఎలాగో దూర్చాడు. బాక్సు వైరు సెల్‌ఫోన్ ఛార్జరుకి సరిపోయేంత. కాసేపట్లో ప్లాస్టిక్ కాలిన వాసన. అదే సమయానికి మా అత్తగారు నీళ్లు కాగాయో లేదోనని బకెట్లోకి వేలు పోనిచ్చారు.

"అత్తయ్యగారూ!" అని నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటువాళ్లు కూడా తలుపు తీశారు. రాడ్ ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలని ఆవిడకు చెబితే, "మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే చూస్తాం నాయనా" అన్నారు. ఇన్నేళ్లూ ఆవిణ్ణి కాపాడుతున్నది కోనసీమ దేవుళ్లే అయ్యుండాలి.

చివరికి శరణు గ్యాస్ పొయ్యి. ఒక బర్నరు మీద పులిహోర పోపు, రెండోదాని మీద గుండిగతో స్నానాల నీళ్లు. ఆడవాళ్లు వంటింట్లోంచి చెంబులతో అందిస్తే మగవాళ్లు బాత్రూం దాకా చేరవేశారు. పొద్దుట్నుంచీ దీపాన్ని నమ్మక కూర్చున్న మామగారి వంతు అందరికన్నా ఆఖర్న వచ్చింది. ఆ హడావుడిలో ఆయన బకెట్లో రెండు కరివేపాకు రెబ్బలు, పసుపు ఛాయా తేలాయి. "శుభకార్యం కదండీ, పసుపునీళ్లు మంచిదే" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పట్టుపంచె కట్టుకుని పీటలమీద కూర్చున్నప్పుడు ఇంగువ వాసన మాత్రం గుప్పుమంది. వియ్యంకుడుగారు వంట ఘుమఘుమలని మెచ్చుకున్నారు.

"అయిదు నిమిషాల్లో ఉంటా సార్" అని పొద్దున ఫోన్లో చెప్పిన మెకానిక్, భోజనాలయ్యాక వచ్చాడు. నీళ్లు వదిలేసి, అడుగు ప్లేటు బోల్టులు విప్పాడు. జలజలమని టబ్బులోకి తెల్లటి పెచ్చులు రాలాయి. తర్వాత ఎలిమెంటు వచ్చింది. రాగి గొట్టమని చెబితే తప్ప తెలియదు, చుట్టూ వేలు మందాన తెల్లరాయి కట్టుకుని ఉంది. బోరునీళ్లలో కరిగిన కాల్షియం కాగినప్పుడల్లా పేరుకునేది దానిమీదే. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, ఎలిమెంటు తన వేడికి తనే మాడి పగులుతుంది. పగుల్లోంచి నీరు లోపలి తీగను తాకితే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ సన్నటి ఇనుప ఊచగా మిగిలింది. తుప్పు ట్యాంకును తినకుండా తను కరిగిపోవడమే దాని పని. ఆ పని అదెప్పుడో పూర్తి చేసింది.

"సర్వీసు ఎప్పుడు చేయించారు సార్?"

ఇంట్లో అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"ఈ నీళ్లకైతే ఏడాదికోసారి విప్పాల్సిందే. వేడి కూడా ఫుల్లులో పెట్టకండి, 50, 55 చాలు. ఎక్కువ కాగితే ఎక్కువ సున్నం." అని కొత్త ఎలిమెంటు, కొత్త కడ్డీ బిగించాడు. ముందు నీళ్లు నిండి వేణ్ణీళ్ల కుళాయిలో ధార వచ్చాకే స్విచ్చి వేశాడు.

మా అత్తగారు టబ్బులోని పెచ్చులు చూసి, "తమలపాకులున్నాయి, వక్కలున్నాయి, సున్నానికి కూడా కొదవలేదన్నమాట" అన్నారు.

బిల్లు చెప్పి, పాత ఎలిమెంటును మెల్లిగా సంచిలో వేసుకోబోయాడు మెకానిక్. మామగారు కుర్చీలోంచి లేచారు.

"అది రాగి కదు బాబూ?"

"పాతది సార్, పనికిరాదు."

"పనికిరానిది సంచిలో ఎందుకు?"

అరగంట బేరం నడిచింది. చివరికి బిల్లులో వంద తగ్గింది, ఎలిమెంటు అతనితో వెళ్లింది. మామగారు ఆ వంద లెక్క కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, నన్నూ పెట్టమన్నారు.