ముఖం తాకరాదు

2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది. అప్పట్నుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు వినిపించేది, ఆ తర్వాత హితబోధ. ముఖం తాకొద్దు, ఎడం పాటించండి, చేతులు శుభ్రంగా ఉంచుకోండి. ఊరు ఊరంతా బెంబేలెత్తింది. పాత నాణేలు పోగుచేసే మా బోటివాళ్లం మాత్రం చలించలేదు. ఇందులో మాకు కొత్తగా నేర్పేదేముంది? నాణేన్ని అంచు పట్టి ఎత్తాలే గాని బొమ్మనీ బొరుసునీ వేలితో తాకకూడదన్నది మా ఓనమాలు. చేతికి నూలు తొడుగులు, ఒక్కో బిళ్లకు ఒక్కో అర, చుట్టాలొస్తే బీరువాకు తాళం. తుంపర పడితే మచ్చ తేలుతుందని నాణెం మీదికి వంగి మాట్లాడం కూడా. మాస్కు లేని రోజుల్లోనే మేం నోరు మూసుకున్నవాళ్లం.

ఇంత అనుభవం ఉన్నవాళ్లను పిలిచి జిల్లా అధికారులు ఒక్క సలహా అడిగారా? లేదు. 2021 మేలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూశాక నాకొకటి తేటతెల్లమైంది. ఎడం అనేది మా జిల్లా ఒంటికి పడదు. నేర్పదలుచుకుంటే బీరువాలోని బిళ్లలకు నేర్పాలి, అవి మాట వింటాయి.

ఇక శాస్త్రం సంగతి. ఆ 2020 మార్చిలోనే అమెరికా పరిశోధకులు ఒక విషయం తేల్చారు. ఈ వైరస్ ప్లాస్టిక్ మీదా, స్టెయిన్‌లెస్ స్టీలు మీదా రెండు మూడు రోజులు బతుకుతుందట, రాగి మీద నాలుగు గంటలకే పోతుందట. ప్రయోగం చేసింది నాణేల మీద కాదు, పైగా జబ్బు ముఖ్యంగా గాలి ద్వారానే పాకుతుందని తర్వాత తెలిసింది. అయితేనేం, మాకు కావలసిన ముక్క మాకు దొరికింది. మన రూపాయి బిళ్ల 1992 నుంచి స్టీలు. 1835 నాటి కుంపిణీవారి, అంటే ఈస్టిండియా కంపెనీవారి, కాలణా రాగి. కాబట్టి చిన్నబజారు చిల్లర ప్రమాదం, నా బీరువాలోది ఆరోగ్యం.

ఇక్కడే మా ఊరి దూరదృష్టిని మెచ్చుకోవాలి. పది రూపాయల బిళ్లను కరోనాకు కొన్నేళ్ల ముందే మావాళ్లు వెలేశారు. ఆ బిళ్ల 14 రకాలుగా వచ్చిందని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. ప్రకటన చెల్లింది, బిళ్ల చెల్లలేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగి ఆ బిళ్ల చేతిలో పెట్టి చూడండి. "ఇది పోదు సామీ, నోటుంటే ఇయ్యి" అంటాడు. తమాషా ఏమిటంటే ఆ బిళ్ల చుట్టూ ఉన్న పసుపు వలయంలో ఎక్కువ పాలు రాగే. దాన్ని కాదని, మాస్కు గడ్డం కిందికి లాగి, బొటనవేలు నాలిక మీద తడిచేసుకుని, మెత్తబడిపోయిన పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి నాకు చిల్లర ఇచ్చాడు. అధికారులు రోడ్లన్నీ కడిగించారు గాని ఆ బొటనవేలి జోలికి పోలేదు.

శత్రువు బయటే ఉన్నాడనుకోవడం కూడా పొరపాటు. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో కడగని వస్తువు లేదు. వంకాయలకు ఉప్పూ పసుపూ నీళ్లు, పాల పాకెట్లకు సబ్బు నురగ. డబ్బు మీద క్రిమి ఉంటుందని మా వదినకు ఎవరో పుణ్యాత్ములు వాట్సాప్ పంపారు. ఆ మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి బల్ల మీది కాలణాలు వంటింటి గట్టు మీదున్నాయి, రాగి చెంబు పక్కన, చింతపండు పిప్పి మధ్య.

"చూడు అబ్బయా, ఎట్టా మెరస్తన్నాయో! ఇన్నేళ్లుగా పెట్టుకున్నావే, ఒక్కరోజన్నా తోమినావా?"

గాలీ తేమా కలిసి 185 ఏళ్లపాటు ఓపిగ్గా వేసిన ముదురు గోధుమరంగు పొర పులుపుకు లేచిపోయి, లోపలి లేత గులాబీ రాగి బయటపడింది. కుంపిణీవారి సింహాలు బలవంతాన స్నానం చేయించిన పిల్లుల్లా చూస్తున్నాయి. వాటి మీద వైరస్ లేదు, నిజమే. తోమిన పాత నాణేన్ని కొనేవాడు కూడా లేడు.

అందుచేత సర్వజనులకూ విన్నపం. కడగాల్సింది చేతుల్ని, అదీ సబ్బుతో. కొత్తగా వచ్చిన బిళ్లను కాగితం కవర్లో వేసి మూడు రోజులు పక్కన పెడితే చాలు. కుంపిణీ పోయి, రాణి పోయి, అణాలు పోయేదాకా ఆగిన బిళ్ల మూడు రోజులు ఆగలేదా? బ్లీచింగు నీళ్లు లోహాన్ని తినేస్తాయి. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు, ఏళ్లు గడిస్తే బిళ్లకు పచ్చటి జిగురు పట్టిస్తాయి. చింతపండు చేపల పులుసుకు.

అసలు ఆనందానికి బయటికి పోనవసరం లేదు. ఇంట్లో ఉన్న చిల్లర డబ్బా బోర్లించి, భూతద్దం పెట్టి సంవత్సరం అంకె కింద చూడండి. వజ్రం గుర్తుంటే ముంబై టంకశాల, నక్షత్రముంటే హైదరాబాద్ చర్లపల్లి, చుక్కుంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా, అది మాస్కు పెట్టుకోని రకం. లాక్‌డౌన్‌లో మనుషులకు ఈ-పాస్ లేదని రాష్ట్ర సరిహద్దులో ఆపేస్తే, చర్లపల్లి నక్షత్రం మాత్రం దర్జాగా మా ఇంటి డబ్బాలో కూర్చుని ఉంది.

ఎడం పాటించాల్సింది అసలు ఫోనుతో. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తారన్న ప్రకటన చూసి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలట, తర్వాత జీఎస్టీ అట. అమ్మేవాడే ఎదురు డబ్బు కట్టే వ్యాపారం యాడుందిరా అంటే, "పులీ తాటిచెట్టూ ఉన్న రిజర్వు బ్యాంకు ముద్ర కూడా ఉంది బావా!" అన్నాడు. మా పేరు చెప్పి మోసం చేస్తున్నారు, పాత నాణేల వ్యాపారం మేం చేయం అని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. పది రూపాయల బిళ్ల విషయంలో ఆ బ్యాంకు మాట నమ్మని జనం, ఈ ముద్రను మాత్రం కళ్లకద్దుకున్నారు.

పెరట్లో అరటి పిలకలు నాటుకునేవాళ్లకూ ఒక మాట. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంతలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల పేర్లూ, ఫాస్టినా రాణి పేరూ ఉన్న రోమన్ బంగారు నాణేలు. సముద్రం దాటి వచ్చినందుకు 1,600 ఏళ్లు మట్టిలో క్వారంటైన్ ఉన్నాయన్నమాట. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ముప్పైకి పైగా మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు చేజిక్కించుకున్నాడు. ఇప్పుడలా కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఒక్క పది రూపాయల బిళ్ల దొరికితే చిక్కు లేదు, దాటలేదు కాబట్టి జేబులో వేసుకోవచ్చు. రెండు దొరికాయనుకోండి, కలెక్టరేట్‌కు పోవాల్సిందే. ఆటోలో పోండి, మాస్కు పెట్టుకోండి. బాడుగ మాత్రం ఆ బిళ్లలతో ఇవ్వబాకండి, తీసుకోడు.