సలజార్ గారి ఫైలు ఇంకా పెండింగే

ఫాసిస్టు అనిపించుకోవడం అంత సులువు కాదని ముందే మనవి చేస్తున్నాను. కుల ధ్రువీకరణ పత్రానికే ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. అలాంటిది చరిత్రలో ఇంత పెద్ద హోదా ఊరికే రాసిచ్చేస్తారా? 1932 నుంచి 1968 దాకా ప్రధానిగా పోర్చుగల్‌ను ఏలిన సలజార్ గారి ఫైలు అందుకే ఇప్పటికీ కదల్లేదు. పండితులు దాని మీద నోటు తర్వాత నోటు రాస్తూనే ఉన్నారు.

జత చేసిన కాగితాలు నిజానికి బాగానే ఉన్నాయి. ఒకటే పార్టీ. పత్రికలకు సెన్సారు. 1933 నాటికే రహస్య పోలీసులు. 1936లో పెట్టిన యువజన దళంలో పిల్లలు ఆకుపచ్చ చొక్కాలేసుకుని, చెయ్యి చాపి సెల్యూట్ కొట్టేవారు. వాళ్ళ బెల్టు బకిల్ మీద 'ఎస్' అక్షరం. సేవకు గుర్తు అని చెప్పేవారు. నాయకుడి పేరు కూడా అదే అక్షరంతో మొదలవడం కాకతాళీయమే అయి ఉంటుంది. కార్మిక చట్టాన్ని ఇటలీ ఫాసిస్టు నేత ముసోలినీ 1927 నాటి కార్మిక చార్టర్ చూసి రాసుకున్నారు. ముసోలినీ ఫోటో కొన్నాళ్ళు ఆయన బల్ల మీదే ఉండేది.

కానీ లోపాలున్నాయి. ముఖ్యంగా కేకలు లేవు. ముసోలినీ బాల్కనీ ఎక్కి గుండెలు విరుచుకునేవాడు. ఈయన కోయింబ్రా యూనివర్సిటీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకునే మనిషి, 1928లో ఆర్థిక మంత్రిగా వచ్చి పద్దులు సరిచేసినాయన. అధికార నివాసం పెరట్లో ఇల్లు చూసుకునే ఆవిడ కోళ్ళు పెంచేది. పెరట్లో కోళ్ళున్నవాణ్ని ఫాసిస్టు అనడానికి నోరెలా వస్తుంది చెప్పండి?

పైగా 1934లో ఆయన అసలు సిసలు ఫాసిస్టుల్నే నిషేధించారు. వాళ్ళ నాయకుడు, నీలి చొక్కాల రొలావో ప్రెటోను దేశం దాటించారు. కాబట్టి ఈయన ఫాసిస్టు కాదని కొందరి వాదన. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మూయించినవాడు కిరాణా వ్యాపారి ఎలా అవుతాడన్నట్టు!

ప్రజామోదం లేదని కూడా అనలేం. 1933లో రాజ్యాంగానికి ఓటింగు పెట్టి, ఓటెయ్యడానికి రానివాళ్ళను కూడా 'అవును' ఖాతాలో రాసుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు సగం దగ్గరే ఆగిపోయారు. లెక్కల మాస్టారు కనుక ఆయన మిగతా సగం కూడా వసూలు చేశారు.

ఇక మాన్యుయెల్ డి లుసెనా అనే పోర్చుగీసు పండితుడు ఇది ఫాసిస్టు ఉద్యమం లేని ఫాసిజం అని మధ్యేమార్గం చూపించాడు. అంటే బారాత్ తియ్యలేదు గానీ మూడు ముళ్ళూ పడ్డాయన్నమాట. పెళ్ళి జరిగినట్టా కాదా అన్నది మళ్ళీ ఇంకో కమిటీ తేల్చాలి.

1945లో హిట్లర్ చచ్చిపోతే జెండాలు సగానికి దించారు. 1949లో అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి నాటోకు వ్యవస్థాపక సభ్యులయ్యారు. ఒకే ఫైల్లో రెండు కాగితాలూ చక్కగా ఇమిడిపోయాయి. 1961లో గోవా చేజారుతున్నప్పుడు అక్కడి సైనికులకు గెలుపో చావో తప్ప లొంగుబాటు లేదని లిస్బన్ నుంచి హుకుం పంపారు. గవర్నరు బుద్ధిమంతుడు కనుక లొంగిపోయాడు. యుద్ధకాంక్ష అనే గడిలో దీన్ని రాయాలా వద్దా? తను చావకుండా ఇతరుల్ని చావమంటే అది కేవలం పరిపాలన అని ఒక సీనియర్ గుమాస్తా అభిప్రాయపడవచ్చు.

అప్పటి పోర్చుగల్ వలస కేప్ వర్డ్ దీవుల్లో 1936లో తెరిచిన తరాఫల్ జైలు కాగితాలు ఫైలు అడుగున ఉన్నాయి. ఎండలో నిలబెట్టిన కాంక్రీటు గది ఒకటి ఉండేదక్కడ. ఖైదీలు దాన్ని పెనం అనేవారు. మాట వినని వాళ్ళను అందులో పెట్టి తలుపేసేవారు. మలేరియాతో పడిపోయిన వాళ్ళకు మందు అడిగితే, నేను వైద్యం చెయ్యడానికి రాలేదు, మరణ ధ్రువీకరణ పత్రాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చాను అని అక్కడి డాక్టరు అన్నాడట.

ఆ పత్రాలు మాత్రం ఒక్కటీ పెండింగు పెట్టలేదు.