సవరణ: బీఎండబ్ల్యూ గుర్తులో ఉన్నది ప్రొపెల్లర్ కాదు

పోయిన వారం అలిపిరి దగ్గర ఆగిన ఒక బీఎండబ్ల్యూ కారు ఫొటో పెట్టి, దాని గుర్తులోని తెల్ల ముక్కలు తిరిగే విమానం ప్రొపెల్లర్ అనీ, నీలం ఆకాశమనీ రాశాను. అది తప్పు. లీలామహల్ సర్కిల్ దగ్గర బోర్డులు రాసే మా బాబాయి చదివి, "ఏంరా, ప్రొపెల్లర్ అయితే రెక్కకి మెలిక ఉండొద్దా? కనుక్కోకుండానే రాసేసినావా?" అనేదాకా నాకు అనుమానమే రాలేదు.

ఆ రంగులు జర్మనీలోని బవేరియా రాష్ట్రానివి. కంపెనీ పేరులోని 'బీ' కూడా బవేరియాదే. 1917లో గుర్తు రిజిస్టర్ చేసేనాటికి, రాజ్య చిహ్నాలను వ్యాపార గుర్తుల్లో వాడకూడదని అక్కడి చట్టం. అందుకే రంగుల వరసను తిరగేశారు. చుట్టూ ఉన్న నల్లటి వలయం అంతకుముందున్న రాప్ అనే విమాన ఇంజిన్ల కంపెనీ గుర్తు నుంచి వచ్చింది; ఆ కంపెనీయే తర్వాత బీఎండబ్ల్యూ అయింది. మరి ప్రొపెల్లర్ కథ ఎక్కడిది? 1929లో విమాన ఇంజిన్ల ప్రకటన ఒకటి వేశారు. అందులో తిరిగే ప్రొపెల్లర్ మీద ఈ గుర్తు కనిపిస్తుంది. బొమ్మ బాగుంది, జనం నమ్మేశారు. కంపెనీ కూడా చాలాకాలం గట్టిగా కాదనలేదు కాబట్టి తప్పంతా నాదే అనను!

ఇంకొకటి. యాపిల్ గుర్తులోని కొరుకు గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్‌కు నివాళి అన్న వాక్యం తీసేస్తున్నాను. 1977లో దాన్ని గీసిన రాబ్ జానాఫ్ చెప్పిన కారణం చాలా మామూలుది: కొరకకపోతే చెర్రీ పండు అనుకుంటారని. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ గుర్తులో ఈ, ఎక్స్ అక్షరాల మధ్య బాణం గురించి రాసింది మాత్రం అలాగే ఉంచాను. అది 1994లో డిజైనర్ తెలిసి పెట్టిందే.