భుజం సంగతి మరిచిన డిశ్చార్జి సమ్మరీ గారికి

మహారాజశ్రీ డిశ్చార్జి సమ్మరీ గారికి,

తిరుపతి నుంచి మీ పేషెంటు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం అని రాద్దామనుకున్నా. క్షేమమో కాదో మీరెక్కడా చెప్పలేదు కాబట్టి ఆ లైను వదిలేస్తున్నా.

మీ పుణ్యమా అని నిన్న మధ్యాహ్నమంతా ఓపీలో గడిచింది. టోకెన్ తీసుకున్నాక డాక్టరమ్మ సిజేరియన్‌కి వెళ్లారన్నారు. చివరికి లోపలికి పిలిచి, భుజం నొప్పి అన్న నా మాట పూర్తవకముందే "గ్యాసమ్మా, తగ్గిపోతుంది" అన్నారు. బెల్ కొట్టారు. తర్వాతి టోకెన్.

ఆ ఒక్క ముక్క మీలో రాసుంటే ఏం పోయేది?

మీకు తెలియక కాదు, మహా పండితులు మీరు. నా గర్భసంచిలో తీసిన ఫైబ్రాయిడ్ గడ్డ ఎన్ని సెంటీమీటర్లో, ఏ గోడలో ఉందో, ఏ దారంతో కుట్టారో, మత్తు ఏమిచ్చారో అన్నీ రాశారు. అడుగున నాకోసం మిగిల్చింది ఒక్క లైను: నార్మల్ డైట్, రెస్ట్, వారం తర్వాత రివ్యూ.

మరి భుజం? కోసింది పొట్టలో, పోటు భుజంలో. పడుకుంటే కాస్త నయం, లేచి కూర్చుంటే ప్రాణం పోతుంది. రాత్రి రెండింటికి మా ఆయన "ఎడమా, కుడా?" అని నాలుగుసార్లు అడిగాడు. కుడి అన్నా ఫోన్‌లో గుండెపోటు గురించే చదువుతూ కూర్చున్నాడు. మా అత్త వాతం చేసిందని వెల్లుల్లి నూనె కాచి రుద్దింది. మీలో ఉన్న ఎమర్జెన్సీ నంబరుకి చేశాం. అది మోగింది. మోగడం వరకే దాని డ్యూటీ.

ల్యాపరోస్కోపీలో, అంటే నాకు చేసిన ఈ చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి ఉబ్బిస్తారట. మిగిలిపోయిన గ్యాస్ పైకి చేరి, పొట్టకీ ఊపిరితిత్తులకీ మధ్య ఉండే కండరం డయాఫ్రాన్ని రేపుతుందట. డయాఫ్రం నరమూ భుజం నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి కాబట్టి మెదడుకి అది భుజం నొప్పిలా తెలుస్తుందట. సాధారణంగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, ఇంట్లోనే మెల్లగా నడుస్తుండాలి. ఈ సంగతి డాక్టరమ్మకి తెలుసు, సిస్టర్లకి తెలుసు, మందుల షాపు అబ్బాయికీ తెలుసు. భుజం నాది, నాకే తెలీదు.

రెస్ట్ అన్నారు, సంతోషం. నీళ్ల బిందె ఎత్తొచ్చా? నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు వద్దని సిస్టర్ ఆటో దగ్గర చెప్పింది, మీరు కాదు. ఆ ఆటో లీలామహల్ సర్కిల్ దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ దిండుని పొట్టకి అదుముకున్నా. అదీ పక్క బెడ్డు ఆవిడ నేర్పిన విద్యే. మలబద్ధకం ఊసు మీరెత్తలేదు, మర్యాదస్తులు కదా. ఇక ఇంటికొచ్చిన పిన్నిలు: "ఆ సంచేదో తీయించేస్తే పీడ పోయేది కదమ్మా!" సంచి ఉంచుకోవడానికే కదా పిన్నీ ఇంత తిప్పలు! అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానని అమ్మ నా తరఫున మొక్కేసింది. ఎప్పుడు ఎక్కొచ్చో మీలో వెతుకుతోంది, పాపం.

మీరు, తమరు అనే ఓపిక ఇంక లేదు. నిన్ను నాకోసం రాయలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల కోసం రాశారు, రేపు ఇంకో డాక్టర్ చూస్తారని రాశారు. పొట్ట పట్టుకుని ఇంటికి పోయేదాన్ని మాత్రం లెక్కలో వేసుకోలేదు. దేనికి పరిగెత్తాలో, దేనికి కూర్చోవాలో చెప్పకపోతే నువ్వెందుకు? బిల్లు చాలదా?

నిన్న గుమ్మం దగ్గర మొండికేసి అడిగితే చెప్పారు. కొద్దిరోజులు కాస్త కాస్త రక్తం కనపడితే భయం లేదు. గంటకో ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం 100.4 దాటినా, పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా, మూత్రం రాకపోయినా టోకెన్ కోసం ఆగకుండా వచ్చేయాలి. అక్కడే బల్ల మీద నిన్ను తిరగేసి, వెనక తెల్లగా ఉన్న చోట బాల్‌పెన్నుతో రాసుకున్నా. ఫోటో తీసి పక్క బెడ్డు ఆవిడకీ పంపాను.

వెంటనే రిప్లై వచ్చింది. ఆపరేషన్ నుంచి గొంతు మండుతోంది, మింగలేకపోతున్నా, ఇది దేనికి అని. మత్తులో ఊపిరికి గొట్టం వేస్తారు కదక్కా, దానికి అని చెప్పా.

అదీ నీలో లేదు.

ఇట్లు,
ఓపీ టోకెన్ ఇంకా పర్సులోనే ఉన్న నీ పేషెంటు