సెన్సర్ ఎలా పనిచేస్తుందో కాదు, ఎలా చెడిపోతుందో చూసి కొనండి

"ఆటో టాప్-ఆఫ్‌కి ఏ సెన్సర్ బెస్ట్ అన్నా?" అని అడిగితే, వెనకాముందూ చూడకుండా "ఫలానాది తీసుకో బ్రో, సూపర్" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆటో టాప్-ఆఫ్ అంటే అక్వేరియంలో ఆవిరైన నీళ్లను, మట్టం చూసే సెన్సర్, పంపు కలిసి తమంతట తామే నింపే ఏర్పాటు. కొత్తగా బిగించిన రోజున అన్నీ సూపరే. ఉప్పు పట్టి, పాచి పేరుకున్నాక అది ఎటు చెడిపోతుందన్నదే అసలు సంగతి. నీళ్లు పోయడం మానేస్తే మనం గమనించేలోపు ట్యాంకు కాస్త ఓర్చుకుంటుంది. పోయడం ఆపకపోతేనే కొంప మునుగుతుంది.

హాలు తడిస్తే తుడుచుకోవచ్చు, అది కాదు నా బాధ. సముద్రపు ట్యాంకులో ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకే తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్ఓ నీళ్లు పోస్తాం. 100 లీటర్ల ట్యాంకులో ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) ఉందనుకోండి. పంపు ఆగకుండా 20 లీటర్లు తోసేస్తే అది 29కి వచ్చేస్తుంది. పగడాలు తట్టుకోవడం కష్టం.

ఫ్లోట్ స్విచ్ అంటే చాలామందికి చులకన. నాకు మాత్రం ఇష్టం, ఎందుకంటే దాని రోగం కంటికి కనబడుతుంది. తేలే ముక్కలో అయస్కాంతం, మధ్య కాడలో గాజు గొట్టం, అందులో రెండు సన్నటి లోహపు రేకులు. నీళ్లు దిగితే ఫ్లోట్ దిగుతుంది, అయస్కాంతం వల్ల రేకులు ఒకదానికొకటి తగులుతాయి, పంపు తిరుగుతుంది. ఇక నీటి అంచున, కాడకీ ఫ్లోట్‌కీ మధ్య తెల్లగా గరుగ్గా ఉప్పు పెచ్చు కడుతుంది. లేదంటే ఓ నత్త వచ్చి ఫ్లోట్ మీద తీరిగ్గా కూర్చుంటుంది. నీళ్లు పెరిగినా ఫ్లోట్ లేవదు, పంపు ఆగదు. ఇంకో మాట, పంపు కరెంటును నేరుగా ఆ రేకుల గుండా పంపకండి. మోటారు ఆగేటప్పుడు వచ్చే నిప్పురవ్వకు అవి అతుక్కుపోతాయి. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్) పెట్టండి. వైరు తెగితే పంపు ఆగేలా కనెక్షన్ ఇవ్వండి, ఆన్ అయ్యేలా కాదు.

ఆప్టికల్ సెన్సర్‌లో కదిలే భాగాలే ఉండవు. మొనలో ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఉంటుంది. బయట గాలి ఉంటే వెలుగు లోపలికే తిరిగొస్తుంది, నీళ్లు తగిలితే బయటికి పోతుంది. బాగుంది కదా? కానీ మొనకు ఒక్క గాలిబుడగ పట్టుకుంటే చాలు, నీళ్లు లేవనుకుంటుంది. సంప్‌లో, అంటే ట్యాంకు కింద సెన్సర్, పంపు పెట్టుకునే చిన్న తొట్టెలో, బుడగలకు కొదవా! గాజు మీద బయటినుంచి అతికిస్తే గాజు గుండానే నీళ్లను పసిగట్టే కెపాసిటివ్ సెన్సర్, లోపల తడి పొర మిగిలితే నీళ్లున్నాయనే అనుకుంటుంది. పంపు వేయదు. అలా చెడిపోతే నాకు టెన్షన్ లేదు.

ఆర్డునో (ఇంట్లో ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలకు వాడే చిన్న కంట్రోలర్) కిట్లలో వచ్చే రాగి గీతల బోర్డును మాత్రం ట్యాంకు దగ్గరికి రానివ్వకండి. కరెంటు పారేకొద్దీ రాగి కరిగి నీళ్లలో కలుస్తుంది. రొయ్యలకు, పగడాలకు రాగి విషం. శబ్ద తరంగాలతో మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సంగతి ఎత్తకండి, ఆవిరి పట్టిన సంప్‌లో అది చెప్పే లెక్కలు నేను నమ్మను.

నేను చెప్పేది ఒకటే, రోజువారీ పనికి ఆప్టికల్, దానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన అడ్డుకట్టగా ఫ్లోట్. ఇద్దరూ సరేనంటేనే పంపు తిరగాలి. పక్కపక్కన రెండు ఫ్లోట్లు పెట్టి "బ్యాకప్ ఉంది" అనుకోకండి, ఒకదాన్ని పట్టిన ఉప్పు రెండోదాన్ని వదలదు. వీటికి తోడు ఒక టైమర్ కూడా ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించే రిటర్న్ పంపు సంప్‌లో నీళ్లను ఒక్కసారిగా లాగేస్తుంది, మట్టం కాసేపు కిందికి పోతుంది. ఆ కాసేపూ టాప్-ఆఫ్ ఆగాలి. పైపు చివర నీళ్లలో మునిగి, ఆర్ఓ నీళ్ల క్యాన్ దానికన్నా ఎత్తులో ఉంటే పంపు ఆగినా నీళ్లు వాటంతటవే దిగుతూనే ఉంటాయి. అప్పుడు ఏ సెన్సరూ కాపాడదు.

ఇక ఆ క్యాన్. 100 లీటర్ల ట్యాంకుకు 5 లీటర్లది పెడితే, అదంతా ఒంపేసినా ఉప్పు 33 దగ్గరే ఆగుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే క్యాన్ మాటిమాటికీ నింపాలి, నిజమే. "ఊరెళ్లేటప్పుడు మాత్రం 20 లీటర్లది పెడతా" అంటారు కొందరు. ఇంట్లో తుడవడానికి మనిషి లేని రోజుల్లోనే పెద్ద క్యానా?