శనివారం రాత్రి పన్నెండు

మా పిల్లలు అసైన్‌మెంట్లు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్ వాళ్ళు నాకు మూడు మెయిళ్ళు పెట్టారు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే జరిగిందంతా చదివి మీరు పాపం అని నా పక్షం తీసుకుంటారు, అప్పుడు నాకు మొహమాటంగా ఉంటుంది. మొదటిది పదిహేను రోజుల ముందు వచ్చింది, రెండోది వారం ముందు, మూడోది గురువారం. మూడింటి నెత్తినా ఒకటే మాట: 'షెడ్యూల్డ్ మెయింటెనెన్స్ – దయచేసి గమనించగలరు'. ఇలాంటి వాటి కోసం నా మెయిల్లో 'తర్వాత చూద్దాం' అని ఒక ఫోల్డర్ ఉంది. అందులోకి వెళ్ళిన మెయిల్ మళ్ళీ వెలుగు చూసిన దాఖలా లేదు.

మూడోదాన్ని మాత్రం చదివాను. చదవడమే కొంప ముంచింది. మొదటి రెండిట్లాగే వదిలేసి ఉంటే కనీసం 'చూడలేదండీ' అని తప్పించుకునేదాన్ని.

"శనివారం రాత్రి 12 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆన్‌లైన్ లెర్నింగ్ పోర్టల్, సిమిలారిటీ చెకింగ్ సేవలు పనిచేయవు" అని ఉంది. (సిమిలారిటీ చెకింగ్ అంటే ఒకరి రాత ఇంకెక్కడి రాతతోనైనా ఎంత శాతం కలుస్తోందో మిషన్ చూసి చెప్పడం.) నా క్లాసు అసైన్‌మెంట్ గడువు శుక్రవారం రాత్రి 11:59. వాళ్ళ గొడవ శనివారం రాత్రి, నాది శుక్రవారం రాత్రి. మధ్యలో నిండుగా ఒక రోజు ఉంది కదా అని లాప్‌టాప్ మూసేశాను.

శుక్రవారం సాయంత్రం క్లాస్ రిప్రజెంటేటివ్ ఫోన్ చేశాడు. "మేడమ్, చాలామందికి ఇంకా అవ్వలేదు మేడమ్. కొంచెం టైమ్..." అని నీళ్ళు నమిలాడు. ఆ రోజు నా మనసు ఎందుకో మెత్తగా ఉంది. "సరే, శనివారం ఉదయం ఆరింటి దాకా ఇస్తున్నా. తొందరపడకుండా శుభ్రంగా రాయండి" అన్నాను. "మీరు చాలా మంచివారు మేడమ్" అన్నాడు. ఆ మాట తలుచుకుంటూ, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పదిన్నరకే పడుకున్నాను.

నేనిచ్చిన ఆరు గంటలూ, వాళ్ళు సర్వర్ ఆపేసిన ఆరు గంటలూ ఒకటేనని తెల్లారాక గాని తెలియలేదు.

ఐదూ నలభైకి లేచి ఫోన్ చూస్తే గ్రూపులో వందకు పైగా మెసేజీలు. 12:03కి మొదటిది: "మేడమ్, పోర్టల్ ఓపెన్ అవ్వట్లేదు." దాని కింద స్క్రీన్‌షాట్. రెండు పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకుంటున్న బొమ్మ, కింద 'మీ కోసం మరింత మెరుగవుతున్నాం' అని రాసి ఉంది. 12:40కి ఇంకొకరు: "మేడమ్, పడుకున్నారా?" ఒంటిగంటకి: "మేడమ్ పడుకున్నట్టున్నారు." 2:15కి ఒక అబ్బాయి లాప్‌టాప్ పక్కన తన మొహం పెట్టి ఫొటో తీసుకుని, 'నేను ప్రయత్నించానని సాక్ష్యం' అని పంపాడు. మూడింటికి ఒకమ్మాయి ఇక లాభం లేదనుకుని అసైన్‌మెంట్ మొత్తాన్ని పేరా పేరాగా గ్రూపులోనే పెట్టేసింది, నలభై ఒక్క మెసేజీలుగా. దానికి కింద పదకొండు మంది దండాలు పెట్టారు. అవి ఆమె కష్టానికో, ఊరికే దొరికిన జవాబులకో అప్పుడు అర్థం కాలేదు.

సిస్టమ్ అడ్మిన్‌కి ఫోన్ చేశాను. పాపం, రాత్రంతా మేలుకున్న గొంతు.

"శనివారం రాత్రి అని కదండీ మెయిల్లో రాశారు?"

"అవును మేడమ్. రాత్రి 12 నుంచి. 12 దాటితే శనివారమే కదా."

"శనివారం రాత్రి అంటే శనివారం పొద్దు గడిచాక వచ్చే రాత్రి కదండీ!"

"అది 12 దాటాక ఆదివారం అయిపోతుంది కదా మేడమ్."

ఇద్దరమూ కాసేపు మాట్లాడలేదు. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉంది. కంప్యూటర్‌కి 00:00 అంటే కొత్త రోజు పుట్టిన క్షణం. మనిషికి అలా కాదు, నిద్రపోయి లేస్తే తప్ప రేపు రాదు. ఈ చిక్కు మా ఇద్దరికే రాలేదని తర్వాత తెలిసింది. అమెరికాలో కొలతలకూ కాలానికీ ప్రమాణాలు చూసే ఎన్ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ కూడా, అర్ధరాత్రి 12 అని రాస్తే ఏ రోజుదో తేలదు, ఒప్పంద పత్రాల్లాంటి వాటిలో 11:59 అనో 12:01 అనో రాసుకోవడం మేలని చెబుతుంది. అసైన్‌మెంట్ గడువులన్నీ 11:59 దగ్గర ఎందుకు ఆగుతాయో నాకు అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ అది పిసినారితనం అనుకున్నాను, ఒక్క నిమిషం కూడా వదలరేంటని.

"పోనీలెండి, ఆరింటికి వచ్చేస్తుందా?" అన్నాను.

"డేటాబేస్ అప్‌గ్రేడ్ ఇంకా నడుస్తోంది మేడమ్. తొంభై ఏడు శాతం అయింది."

ఆ తొంభై ఏడు మీద మూడు గంటలు కూర్చుంది. ఈ శాతాల తంతే అంత. మొదటి తొంభై పరుగెత్తుకొస్తాయి, చివరి మూడు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కుతాయి.

అసలు ఈ మెయింటెనెన్స్ ఎందుకు చేస్తారంటే కారణాలు మంచివే. భద్రతలో కొత్తగా బయటపడిన కంతలు పూడ్చాలి, పాత డేటాను కొత్త పట్టికల్లోకి సర్దాలి. ఆ సర్దేటప్పుడు ఎవరైనా కొత్త ఫైలు పడేస్తే లెక్క తప్పుతుంది కాబట్టి తలుపులు మూసేస్తారు. ఇల్లు కడిగేటప్పుడు అందర్నీ బయట నిలబెట్టినట్టు. చాలా యూనివర్సిటీలు వాడే మూడుల్ అనే లెర్నింగ్ పోర్టల్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి (మాది అది కాదు, దాన్ని ఏమీ అనడం లేదు). మార్టిన్ డూగియమాస్ అనే ఆస్ట్రేలియా ఆయన 2002లో దాని మొదటి వెర్షన్ వదిలాడు. ఇప్పుడు దానికి ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి, సెమిస్టర్‌కి ఒకటి చొప్పున. సెమిస్టర్ పరీక్షలు విద్యార్థులకేనని ఎవరన్నారు?

తొమ్మిదింటికి పోర్టల్ లేచింది. లేచింది కానీ గుర్తుపట్టలేకపోయాను. ఎడమవైపు ఉండాల్సిన మెనూ పైకి పోయింది. మార్కులు వేసే బటన్ ఎక్కడా లేదు. పావుగంట వెతికితే మూలన మూడు చుక్కలు కనిపించాయి, వాటిమీద నొక్కితే అందులో దాక్కుని ఉంది. మళ్ళీ అడ్మిన్‌కి చేశాను. "కాష్ క్లియర్ చేసి చూడండి మేడమ్" అన్నారు, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత సరుకంతా తుడిచేయమని. ఐటీ వాళ్ళ దగ్గర ఇదొక్కటే మందు, తలనొప్పికీ ఇదే, విరిగిన కాలికీ ఇదే. చేశాను. చూసుకోకుండా అన్ని గడులకూ టిక్ పెట్టానేమో, దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి, బటన్ మాత్రం మూడు చుక్కల్లోనే ఉంది.

గడువు ఆదివారం రాత్రికి పొడిగించాను. ఈసారి 11:59 అని, తేదీ వేసి, వారం రాసి, 'అంటే ఆదివారం పడుకునే ముందు' అని కూడా చేర్చాను. అరవై రెండు మందీ పెట్టేశారు. సిమిలారిటీ రిపోర్టులన్నీ మధ్యాహ్నం దాకా 'ప్రాసెసింగ్' అంటూ కూర్చున్నాయి, ఆగిపోయిన క్లాసులన్నీ ఒకేసారి వరసలో నిలబడ్డాయి మరి. సోమవారం టీ పట్టుకుని కూర్చుని శాతాల జాబితా తెరిచాను.

తెర నిండా ఎరుపు. యాభై ఎనిమిది శాతం, అరవై నాలుగు, డెబ్బై ఒకటి. క్లాసులో అందరికంటే నెమ్మదస్తురాలు, మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయికి డెబ్బై ఆరు. నా గుండె జారిపోయింది. ఆ నలభై ఒక్క మెసేజీలూ, కింద పదకొండు దండాలూ కళ్ళ ముందు తిరిగాయి. ఓహో, ఇదన్నమాట కథ అనుకున్నాను.

టీ చల్లారిపోయింది. కోపంలో మెయిల్ రాశాను. గ్రంథచౌర్యం అనే పెద్ద మాట వాడాను. 'మీ మీద నేను పెట్టుకున్న నమ్మకం' అన్నాను. 'నేను గడువు పొడిగించింది ఇందుకేనా' అన్నాను. రెండుసార్లు చదువుకుని, బాగా వచ్చిందని ముచ్చటపడి పంపేశాను.

పది నిమిషాల్లో ఆ మొదటి బెంచీ అమ్మాయి నుంచి జవాబు. "మేడమ్, క్షమించండి. రిపోర్టులో ఏ వాక్యాలకు రంగు పడిందో ఒకసారి చూడగలరా?"

శాతం చూసి మండిపడ్డానే గాని రిపోర్టు తెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది. తెరిచాను. మొదటి పేజీ అంతా ఎరుపు. అది మేమిచ్చిన కవర్ పేజీ. రెండో పేజీ ఎరుపు. అవి నేనిచ్చిన ప్రశ్నలు, నా స్పెల్లింగ్ తప్పుతో సహా. చివరి పేజీలో రెఫరెన్సులు, అందరూ చదవాలని నేనే ఇచ్చిన పుస్తకాల జాబితా. వీటన్నిటికంటే చిక్కటి ఎరుపు ఒక్క పేరా మీద ఉంది. అందరూ తప్పకుండా కలపాలని మేమే రాసిచ్చిన హామీపత్రం: 'ఇందులోని ప్రతి వాక్యం నా స్వంతమనీ, ఎక్కడినుంచీ తీసుకోలేదనీ ధృవీకరిస్తున్నాను.' ఆ వాక్యం అరవై రెండు మందిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మిషన్ అందరినీ పట్టుకుంది.

మూడు చుక్కల్లోకి మళ్ళీ వెళ్ళాను. 'రెఫరెన్సులు వదిలేయి', 'చిన్న పోలికలు వదిలేయి', 'ఇచ్చిన నమూనా పత్రాన్ని లెక్కలోంచి తీసెయ్యి'. పోయిన సెమిస్టర్‌లో నేను టిక్ పెట్టుకున్న మూడు గడులూ అప్‌డేట్ తర్వాత ఖాళీగా ఉన్నాయి. కొత్తింట్లో చేరినప్పుడు పాత సామాను సర్దలేదు వాళ్ళు.

పక్క గదిలో కంప్యూటర్ సైన్స్ చెప్పే ఆయనకి చెప్పుకుని బాధపడ్డాను. ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ప్రోగ్రాముల కాపీ పట్టడానికి మాస్ అని ఒకటుందండీ, అలెక్స్ ఐకెన్ అనే ప్రొఫెసర్ 1994లో తయారుచేశారు" అన్నారు. అందులో పంతులు ఇచ్చిన కోడ్‌ని విడిగా ముందే ఇచ్చేయవచ్చట. అది ఎవరి ఫైల్లో కనిపించినా లెక్కలోకి రాదు. ఒకే ముక్క పదిమందిని మించి కనిపించినా అది వదిలేస్తుందట. అంతమంది ఒకేలా రాశారంటే అది దొంగతనం కాదు, పంతులు పంచిపెట్టినదే అయ్యుంటుందని. 1994లో ఎవరికో తట్టిన ఈ ఇంగితం సోమవారం నాకు తట్టలేదు. ఇలాంటివన్నీ చేసేది పోలిక పట్టుకోవడమే, తప్పు ఎవరిదో చెప్పడం వాటి పని కాదు, రిపోర్టు చదవాల్సింది మనమేనండీ అని ఆయనే మెల్లగా అన్నారు. ఆ 'మనమే'లో ఆయన లేరని నాకు తెలుసు.

మూడు టిక్కులూ పెట్టి రిపోర్టులు మళ్ళీ తీశాను. మొదటి బెంచీ అమ్మాయికి నాలుగు శాతం. ఎక్కువమందికి పది లోపే. నలభై ఒక్క మెసేజీల అమ్మాయి పేరాలు మరి ఎక్కడైనా తేలాయా అని చూస్తే, ఒకే ఒక్కరి దగ్గర. లాప్‌టాప్ పక్కన మొహం పెట్టి సాక్ష్యం పంపిన అబ్బాయి.

ఇక మిగతా అరవై ఒక్క మందికీ క్షమాపణ చెప్పుకోవాలి. కొత్తగా రాసే ఓపిక లేదు. రెండేళ్ళ కిందట మార్కుల జాబితా తారుమారైనప్పుడు ఇలాంటి మెయిలే రాసిన గుర్తు. వెతికాను, దొరికింది. 'జరిగిన పొరపాటుకు హృదయపూర్వకంగా చింతిస్తున్నాను' అంటూ చాలా బాగుంది. ఒకటి రెండు మాటలు మార్చి పంపేశాను.

వెంటనే జవాబు వచ్చింది, మళ్ళీ ఆ మొదటి బెంచీ అమ్మాయి దగ్గర్నుంచే.

"పరవాలేదు మేడమ్. కానీ మొదటి లైన్లో 'ప్రియమైన మూడో సెమిస్టర్ విద్యార్థులారా' అని ఉంది. మేము ఐదో సెమిస్టర్ మేడమ్."